ట్యాంకు ఒకటి, పెట్రోలుతో సహా

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో నాకు వచ్చిన ప్రశంసాపత్రం ఒకే ఒక్కటి. దానికి అద్దం కట్టించి హాల్లో టీవీ పైన తగిలించాను. ఎవరైనా ఇంటికొస్తే సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబెడతాను. వాళ్ళు గమనించకపోతే నేనే తలెత్తి దానివంక చూస్తాను, అప్పుడు మర్యాదకైనా వాళ్ళూ చూస్తారు. మా ఆవిడ అనసూయ ఇల్లంతా దులుపుతుంది గానీ దాని జోలికి మాత్రం పోదు. ఆ పత్రం ఎందుకు వచ్చిందో, వచ్చాక ఏమేం జరిగిందో ఆవిడకు పూర్తిగా తెలుసు. మీకూ చెప్తాను.

నా పేరు దరిశి ఏడుకొండలు. పమిడిపాలెం పురపాలక సంఘంలో జనరల్ సెక్షన్ సూపరింటెండెంటుని. మా ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ఒక కారు ఉంది. 1949లో సంఘం ఏర్పడినప్పుడు మొదటి చైర్మన్‌గారి కోసం మద్రాసు నుంచి కొనితెచ్చిన కారు. నల్లగా, గుండ్రంగా, రెండు పక్కలా మనిషి నిలబడగలిగే ఫుట్‌బోర్డులతో ఉంటుంది. ఊళ్ళో అందరూ దాన్ని చైర్మన్ బండి అంటారు. ఏడాదికొకసారి, సంఘం పుట్టినరోజున, దానికి బంతిపూల దండలు కట్టి ఆఫీసు నుంచి గడియారస్తంభం దాకా నడిపి వెనక్కి తీసుకొస్తారు. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ అది ముసుగు కప్పుకుని పడుకుంటుంది. మా ఆఫీసులో ఆ పని చేసేది అదొక్కటే కాదు గనక ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

ఆ బండి బాగోగులు చూసేది షేక్ నాయబ్ రసూలు. అరవై నాలుగేళ్ళ మనిషి. వాళ్ళ నాన్న మొదటి చైర్మన్‌గారికి డ్రైవరు. రసూలుకు బస్టాండు దగ్గర సొంత మెకానిక్ షాపు ఉంది, అయినా చైర్మన్ బండి పని ఉందంటే షాపు మూసి వచ్చేస్తాడు. ఊరేగింపు అయిన మర్నాడు ట్యాంకులో మిగిలిన పెట్రోలు డబ్బాలోకి దించేస్తాడు. గొట్టంలో ఉన్నది కూడా అయిపోయి ఇంజను దానంతటది ఆగేదాకా నడుపుతాడు. కార్బొరేటరు విప్పి, సూది బెజ్జమంత ఉండే జెట్లు ఊది, పెట్రోలు పంపులో రబ్బరు పొర చిరిగిందేమో చూసి, అన్నీ తుడిచి బిగించి ముసుగేస్తాడు. మళ్ళీ ఏడాదికి, ఊరేగింపు ముందురోజున, బంకులో కొత్త పెట్రోలు కొట్టించి పోస్తాడు. నలభై ఏళ్ళుగా ఇదే వరస.

"పెట్రోలంటే ఊరగాయ కాదు సార్, నిలవబెట్టి తినటానికి" అనేవాడు. "ఏడాది ఉంచితే విరిగి జిగురవుద్ది. ఆ జిగురు జెట్లలో దూరిందా, ఇంక బండి దగ్గటమే గానీ లెగవదు."

నేను తల ఊపేవాణ్ణి. నాకు అర్థం కాని ప్రతిదానికీ తల ఊపటం మా సెక్షన్‌లో నేను ప్రవేశపెట్టిన పద్ధతి.

మూడేళ్ళ కిందట, ఊరేగింపు జరిగిన వారంలోనే, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పైన ఎవరికో ఉన్నట్టుండి వారసత్వం మీద ప్రేమ పుట్టింది. ప్రతి ఆఫీసూ తన దగ్గరున్న పురాతన వస్తువుల జాబితా తయారుచేసి పంపాలట. చుట్టుపక్కల సంఘాలవాళ్ళు తెలివైనవాళ్ళు. "గోడ గడియారం ఒకటి, నడవదు" అని ఒక్క ముక్క రాసి పంపి ఊరుకున్నారు. నేను అలా ఊరుకునే రకం కాదు. నా పనితనం పైవాళ్ళకు తెలియాలంటే ఇంతకంటే మంచి అదను రాదనిపించింది.

"పాత కారు ఒకటి" అని రాస్తే సరిపోయేది. నేను దాన్ని రెండువందల పన్నెండు అంశాలుగా విడగొట్టాను. తలుపులు నాలుగు, తలుపుల పిడులు నాలుగు, పిడులకున్న స్క్రూలు పదహారు. ఇలా షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని రాస్తూంటే రసూలు ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చాడు. చలిజ్వరం తగిలి వారం మంచం మీద ఉన్నాడట, అందుకని ఆ ఏడు పెట్రోలు దించటం ఆలస్యమైంది.

"కాస్త జరుగుతారా సార్, దించేసుకుంటా" అన్నాడు.

"ఆగు భాయ్. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. ఇప్పుడు నువ్వు దించేస్తే నా జాబితా తప్పవుద్ది."

"అది మొన్న మన బంకులో కొట్టించిందే గదా సార్. దాన్నేం రాస్తారు?"

"అడిగినదానికి జవాబు చెప్పు. ట్యాంకులో పెట్రోలు ఉందా, లేదా?"

"ఉంది."

"ఎంత?"

"సగానికి పైనే ఉంటది."

ఎనభై ఏడో అంశంగా రాశాను: పెట్రోలు ట్యాంకు ఒకటి, పెట్రోలుతో సహా.

జాబితాలో చివరి గడి "తయారైన సంవత్సరం". మొదటి అంశానికి 1949 అని వేసి, దాని కింద డిట్టో పెట్టాను. దాని కింద డిట్టో. అలా ఏడు పేజీల పొడవునా, రెండువందల పన్నెండో అంశం దాకా, చెయ్యి ఎత్తకుండా డిట్టోలు దింపుకుంటూ పోయాను. గుమాస్తాగా చేరిన రోజు నుంచీ నా డిట్టోలు అందంగా ఉంటాయని పేరు. ఆ రోజు ఇంకా అందంగా వచ్చాయి.

జాబితా పైకి వెళ్ళింది. నెల తిరక్కుండా ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనకే డాక్టర్ పరాంకుశంగారు వచ్చారు.

ఆయన వారసత్వ పరిరక్షణ ప్రత్యేకాధికారి. తెల్లటి ఖద్దరు లాల్చీ, మెడలో తాడుకు వేలాడే భూతద్దం. మామూలు మాట కూడా ఉత్తర్వు చదువుతున్నట్టే మాట్లాడతారు. షెడ్డులోకి వచ్చి, చెప్పులు బయట విడిచి, ట్యాంకు దగ్గర ఒక నిమిషం కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

"దేశమున వాహనములు అనేకం మిగిలినవి" అన్నారు కళ్ళు తెరిచి. "వాటితోపాటు వాటి తొలినాటి ఇంధనము మిగిలిన సందర్భము మాత్రం ఇదొక్కటే. సూపరింటెండెంటుగారూ, మీరు గుర్తించియుండకపోతే ఈ జాతి దీనిని కోల్పోయి ఉండేది."

రసూలు నావంక చూశాడు. నేను ట్యాంకువంక చూశాను. నిజం చెప్పటానికి అదే సమయమని నాకూ తెలుసు. "అయ్యా, అది డిట్టో" అంటే అయిపోయేది. కానీ ప్రశంసాపత్రానికి ఆ ముందురోజే అద్దం కట్టించి ఉన్నాను. తల ఊపాను.

పరాంకుశంగారు ట్యాంకు మూతకు లక్క కరిగించి ముద్ర వేశారు. లక్క కరిగించే కొవ్వొత్తిని ట్యాంకుకు పదిగజాల దూరంలో పెట్టించటానికి రసూలు ఆయనతో అరగంట వాదించాల్సి వచ్చింది. తర్వాత గోడకు ఒక నిబంధన అంటించారు: జాబితాలోని ఏ వస్తువును తొలగించరాదు, మార్చరాదు, తగ్గించరాదు.

ఆ మరుసటి ఏడాది ఎన్నికల నియమావళి అడ్డొచ్చి ఊరేగింపు జరగలేదు. ఆ పై ఏడు తుపాను వచ్చి జరగలేదు. బండి ముసుగులోనే ఉంది. పెట్రోలు ట్యాంకులోనే ఉంది. పరాంకుశంగారు మాత్రం ఏడాదికొకసారి వచ్చి, ముద్ర తీసి, వెదురుపుల్ల ముంచి లోతు కొలిచి, మళ్ళీ ముద్ర వేసి వెళ్ళేవారు. రెండోసారి కొలిచినప్పుడు పుల్ల మీద తడి ఒక అంగుళం తగ్గింది. నాకు మెమో వచ్చింది. సదరు వారసత్వ పెట్రోలు అంగుళము మేర తగ్గుటకు కారణము మూడు దినములలో తెలుపవలెనని అందులో ఉంది.

"ఆవిరి అయినది" అని జవాబు రాశాను.

పరాంకుశంగారు నన్ను పిలిపించారు. "ఆవిరి ఎచ్చటికి పోయినది?"

"షెడ్డులోకండీ."

"అనగా ప్రస్తుతం షెడ్డులో ఉన్నది. కాబట్టి తగ్గలేదు, స్థితి మారినది. ఈ స్థితిలో దానిని కాపాడుట మన విధి."

షెడ్డు కిటికీలు మూసి సందుల్లో గుడ్డలు కుక్కించారు. అగ్నిమాపక అధికారి వచ్చి చూసి, ఇది చాలా ప్రమాదమని చెప్పి, తన బాధ్యతగా రెండు ఇసుక బకెట్లు ఇచ్చి వెళ్ళిపోయాడు. జిల్లాలోని బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకొచ్చి షెడ్డు తలుపు జానెడు తెరిచి 1949 నాటి గాలి చూపించేవాళ్ళం. పిల్లలు వరసగా వచ్చి, ముక్కు పెట్టి, తలపట్టుకుని వెళ్ళేవాళ్ళు. బయట నిలబడి సందర్శకుల సంఖ్య రాసుకునేది నేనే. చారిత్రక గాలి అని రాసి ఉన్న బోర్డులో అక్షరాలు కూడా నేను దగ్గరుండి రాయించినవే.

అప్పుడు వచ్చింది అసలు కాగితం. సంఘానికి డెబ్బై అయిదేళ్ళు నిండబోతున్నాయి. ఆ సందర్భంగా పాత వాహనాలను రెండు తరగతులుగా విడదీస్తున్నారు. పుట్టినరోజున బయలుదేరి, కమిటీ ఎదుటగా ఊరు తిరిగి, బయలుదేరిన చోటికి సొంత బలంతో చేరుకున్న వాహనం "జీవ వారసత్వం". అది ఆ ఊళ్ళోనే ఉంటుంది. చేరుకోలేనిది "స్థిర వారసత్వం". దాన్ని రాజధానికి తరలించి అద్దాల గదిలో పెడతారు. గడువు నెల రోజులు.

రసూలు ఆ కాగితం నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి మీట వేసి చూశాడు. ఇంజను గుర్రుమంది, దగ్గింది, ఆగింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ దగ్గి ఆగింది.

"నేను చెప్పిందే అయింది సార్" అన్నాడు బానెట్ మీద చెయ్యి పెట్టి. "ట్యాంకు దించి కడగాలి. గొట్టం ఊదాలి. జెట్లు విప్పాలి. పంపులో రబ్బరు పొర ఎండిపోయి ఉంటది, మార్చాలి. రెండు రోజుల పని. పర్మిషన్ ఇప్పించండి."

"ట్యాంకు దించనిస్తారా, భాయ్?"

"దించకపోతే ఇది లెగవదు సార్. మా నాయన స్టీరింగు పట్టుకున్న బండి ఇది. నాకు ఏడేళ్ళప్పుడు ఈ సీటు కిందే పడుకుని నిద్రపొయ్యేవాణ్ణి. నలభై ఏళ్ళలో ఒక్క ఊరేగింపులో కూడా ఆగలేదు. నా చేతిలో ఆగిపోయిందనిపించుకోలేను. అద్దాల పెట్టెలో పెట్టి చూసేదానికి ఇదేమన్నా శవమా?"

రసూలు ఎప్పుడూ నన్ను ఏమీ అడగడు. ఇప్పుడు అడిగింది కూడా వాడి కోసం కాదు. నా డిట్టో లేకపోతే ఇది అడగాల్సిన అవసరమే ఉండేది కాదు.

కమిషనరు హైమవతిగారి దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు, చురుకైన ఆఫీసరు. అంతా విని, "ఏడుకొండలుగారూ, నా టేబుల్ మీదకి సమస్యలు తేవద్దు, పరిష్కారాలు తీసుకురండి" అన్నారు. నేను తెచ్చిన సమస్యను మళ్ళీ చంకలో పెట్టుకుని పరాంకుశంగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. "బండి నడుచుటకు పెట్రోలు తీసివేయవలెనందురా? గుడి శుభ్రపరచుటకు దేవుని తీసివేయుదురా?"

"అయ్యా, ఆ పెట్రోలు..." అన్నాను. చెప్పేద్దామనే అన్నాను. "ఆ పెట్రోలు వయసు విషయంలో నాకు చిన్న సందేహం ఉందండీ."

ఇదీ నేను చూపించిన ధైర్యం. ఆయన చాలా సంతోషించారు. సందేహము జ్ఞానమునకు ద్వారమన్నారు. పరీక్షకు పంపుదామన్నారు. ముద్ర తీసి, ఒక చిన్న సీసాలోకి సిరంజితో కొంచెం పెట్రోలు తీసి, సీసాకు పట్టుగుడ్డ చుట్టి ప్రయోగశాలకు పంపారు. నాకు ప్రాణం లేచొచ్చింది. శాస్త్రం నిజం చెప్పేస్తుంది, నేను చెప్పక్కర్లేదు, పత్రం గోడ మీదే ఉంటుంది.

పది రోజులకు నివేదిక వచ్చింది. అందులో ఒక్కటే ముఖ్యమైన వాక్యం: ఈ పెట్రోలులో పదోవంతు ఇథనాలు కలిసి ఉంది. రసూలు విని నవ్వాడు. "మరి ఇప్పుడు బంకులో పోసేదంతా అదే గదా సార్. దానివల్లే ట్యాంకు తుప్పు పడుద్ది, రబ్బరు తినేస్తది. తేలిపోయింది, కొత్తదని." ఇద్దరం పానాలు, డబ్బా సిద్ధం చేసుకున్నాం.

మర్నాడు పరాంకుశంగారు విలేకరుల సమావేశం పెట్టారు.

"ఇథనాలు కలిపిన పెట్రోలు ఆధునికుల ఆవిష్కారమని నేటివరకు భ్రమించితిమి" అన్నారు. ఆయన గొంతు వణికింది. "పమిడిపాలెంలో 1949వ సంవత్సరముననే, అదియును సరిగ్గా పదోవంతు, కలిపియున్నారు. ఇది ప్రయోగశాల ధ్రువీకరించిన సత్యం. మన పెద్దల విజ్ఞానము ముందు శిరసు వంచుచున్నాను."

అందరం వంచాం. నేను కూడా. ఎనభై ఏడో అంశం రాష్ట్ర ప్రాముఖ్యత నుంచి జాతీయ ప్రాముఖ్యతకు ఎదిగింది. పమిడిపాలెం పూర్వీకుల ఇంధన దృష్టి అనే అంశం మీద సదస్సు జరిగింది. అందులో స్వాగతోపన్యాసం నాది.

సదస్సు అయ్యాక వరండాలో రసూలు కనిపించాడు. సిద్ధం చేసుకున్న పానా ఇంకా చేతిలోనే ఉంది. అదే భరించలేకపోయాను. ఆ సాయంత్రమే ఒక తెల్లకాగితం తీసుకుని, జాబితాలోని డిట్టోలు నా అజాగ్రత్త వల్ల పడ్డవని, ఆ పెట్రోలు మూడేళ్ళ కిందట బస్టాండు బంకులో కొన్నదని రాసి, సంతకం పెట్టి, పరాంకుశంగారి చేతికిచ్చాను.

ఆయన చదివారు. కోప్పడలేదు. జాలిగా చూశారు.

"సూపరింటెండెంటుగారూ, రిజిస్టరులో ఉన్నది ప్రధాన సాక్ష్యం. మీరు నోటితో చెప్పునది, కాగితముపై వ్రాయునది గౌణ సాక్ష్యం. ప్రధాన సాక్ష్యమును వ్రాసినది మీరే గనుక మీకు వ్యతిరేకముగా మీరే సాక్ష్యమిచ్చుచున్నారు. పైగా ఆ రిజిస్టరుకు ప్రభుత్వము ప్రశంసాపత్రము ఇచ్చియున్నది. ఆ ప్రశంస కూడ తప్పే అందురా?"

గోడ మీది అద్దం గుర్తొచ్చింది. దాని ఎదురుగా ఉన్న కుర్చీ, అందులో కూర్చోబోయే చుట్టాలు గుర్తొచ్చారు. కాగితం వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. ఇప్పటికీ అది నా పర్సులోనే ఉంది.

షెడ్డుకు వచ్చి రసూలుకు జరిగింది చెప్పాను. వాడు బండివంక చూస్తూ బీడీ వెలిగించబోయి, షెడ్డులో ఏముందో గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"పోనీ సార్, ట్యాంకు జోలికి పోవద్దు" అన్నాడు. "మా షాపులో ట్యాంకు లీకైన మోటారుసైకిలు వస్తే ఇంజను చూసేదానికి ఏం చేస్తామో తెలుసా? ఖాళీ సెలైను బాటిల్లో పెట్రోలు పోసి పైన వేలాడదీసి, గొట్టం కార్బొరేటరుకి పెడతాం. ఎత్తు మీంచి దానంతటదే దిగుద్ది. ట్యాంకూ అక్కర్లేదు, పంపూ అక్కర్లేదు. దీనికీ అదే పెడదాం."

"జెట్లలో జిగురో?"

"అది గీకాల్సిందే."

జిగురు గీకటానికి అనుమతి కోసం ఆరు రోజులు పట్టింది. జిగురు అనేది పెట్రోలు ధరించిన మరో రూపమని, దాన్ని పారేయటం తగ్గించటం కిందికి వస్తుందని పరాంకుశంగారి వాదన. చివరికి గీకిన జిగురునంతా గాజుసీసాలో పెట్టి, ఎనభై ఏడు-అ అని చీటీ అంటించి, పక్కనే భద్రపరచాలనే షరతు మీద ఒప్పుకున్నారు. అది పనసతొనకు అంటుకునే బంకలా ఉంది. చీటీ మీద అక్షరాలు నేనే రాశాను.

ఇక మిగిలింది బాటిల్ ఎక్కడ పెట్టాలన్నది. కార్బొరేటరు కంటే ఎత్తులో ఉండాలి. పైకప్పు మీద కొక్కెం పెడదామంటే కొక్కేనికి రంధ్రం చెయ్యాలి, రంధ్రం మార్పు కిందికొస్తుంది. బండికి ఏదీ తగిలించకూడదు. రసూలు అంతా ఆలోచించి, "ఎవరన్నా ఫుట్‌బోర్డు మీద నిలబడి చేత్తో ఎత్తి పట్టుకోవాలి సార్" అన్నాడు. అని నావంక చూశాడు.

నేను తొంభై రెండు కిలోలుంటాను. ఇరవయ్యేళ్ళుగా ఫ్యాను స్విచ్చు కంటే ఎత్తుకు చెయ్యెత్తి ఎరగను. "సరే" అన్నాను. ఆ మూడేళ్ళలో నేను తల ఊపకుండా నోటితో ఒప్పుకున్న మాట అదొక్కటే.

పుట్టినరోజు ఉదయం బండికి దండలు కట్టారు. బానెట్ ఒక పక్క రెక్క ఎత్తి, సన్నటి గొట్టం బయటికి తీశారు. నేను గళ్ళ చొక్కా వేసుకుని, ఎడమ చేత్తో తలుపు పట్టుకుని, కుడి చేత్తో సెలైను బాటిల్ ఎత్తి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాను. ఆ బరువుకు బండి ఒక పక్కకు ఒరిగింది. ఇసుక బకెట్టుతో అగ్నిమాపక అధికారి వెనక జీపులో ఉన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తున్న రోగిలా బండి బయలుదేరింది. కానీ బయలుదేరింది. ఇంజను ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. స్టీరింగు వెనక రసూలు ముఖం చూసి, ఎన్నేళ్ళకో గానీ, నాకు నిజంగా సంతోషమేసింది.

"చెయ్యి దించొద్దు సార్" అన్నాడు కిటికీలోంచి. "దించితే ఆగుద్ది."

పెద్దబజారు దాటేసరికి భుజం లాగటం మొదలైంది. కాస్త దించాను. ఇంజను తడబడింది. గబుక్కున ఎత్తాను. నేను చెయ్యెత్తినప్పుడల్లా రోడ్డు పక్క జనం ఏదో నినాదం ఇస్తున్నాననుకుని "జిందాబాద్" అని అరిచారు. ఎవరికని అడిగినవాళ్ళు లేరు. మందులషాపు ముందు ఒక పెద్దాయన మాత్రం దగ్గరికొచ్చి, "ఏమైంది నాయనా, షుగరా?" అని పరామర్శించాడు.

గడియారస్తంభం దగ్గర వేదిక మీద కమిటీవాళ్ళు, కమిషనరుగారు, పరాంకుశంగారు ఉన్నారు. బండి జీవం అందరికీ వినిపించాలని, ఉపన్యాసం అయ్యేదాకా ఇంజను ఆపవద్దని సైగ చేసి, పరాంకుశంగారు మైకు అందుకున్నారు. 1949 నుంచి మొదలుపెట్టకుండా ఇంకా ముందు నుంచి మొదలుపెట్టారు. నేను బాటిల్ చూశాను. సగం ఉంది. ఆయన నిప్పు కనుగొన్న మానవుడి దగ్గర ఉన్నారు. నూనె గానుగ దగ్గరికి వచ్చేసరికి నాలుగు వేళ్ళ మేర ఉంది. నా చెయ్యి నాది కాదనిపిస్తోంది. ఆవిరియంత్రం దగ్గరికి వచ్చేసరికి మూడు వేళ్ళు.

రసూలు బాటిల్‌ని చూశాడు, తర్వాత ఎదురుగా రోడ్డును చూశాడు. వాడి పెదాలు కదులుతున్నాయి. దూరం లెక్క కట్టుకుంటున్నాడని అర్థమైంది.

"పోనియ్ భాయ్" అన్నాను.

"సార్ ఇంకా మాట్లాడతన్నారు గదా."

"మాట్లాడనీ. నువ్వు పోనియ్."

ప్రత్యేకాధికారి మాట్లాడుతుండగా అక్కడినుంచి వెళ్ళిపోవటం నా ఉద్యోగంలో అదే మొదలు, అదే చివర. బండి చక్కగా మలుపు తిరిగింది. వెనక మైకులో పూర్వీకులు చిన్నగా, ఇంకా చిన్నగా వినిపించి ఆగిపోయారు. తాలూకా ఆఫీసు దగ్గర రెండు వేళ్ళు. పోస్టాఫీసు దగ్గర ఒకటి. మా ఆఫీసు గేటు కనపడేసరికి బాటిల్లో ఏమీ లేదు, గొట్టంలో ఉన్నదే మిగిలింది. నేను మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి ఇంకా పైకి ఎత్తాను. ఇంజను గేటు లోపలికి వచ్చి, షెడ్డు ముందు, బయలుదేరిన సున్నపు గీత మీద తనంతట తాను ఆగింది.

రసూలు చాలాసేపు దిగలేదు. స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. నేను కూడా చెయ్యి దించలేదు. దించటానికి రాలేదు, బిగుసుకుపోయింది.

బండి జీవ వారసత్వమని ఉత్తర్వు వచ్చింది. పమిడిపాలెంలోనే ఉంటుంది, రసూలు చేతిలోనే ఉంటుంది. ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది.

ఉత్తర్వు కింద ఇంకో పేరా ఉంది. బండి నడిచిన రోజు తీసిన ఫొటో ప్రకారం, దాని నడకకు తోడ్పడిన సమస్త సామగ్రినీ జాబితాలో చేర్చవలెను. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన గుమాస్తా నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఫొటో ముందు పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు రాశాడు. రెండువందల పదమూడో అంశం: సెలైను బాటిల్ ఒకటి, పట్టుకున్న మనిషితో సహా. తయారైన సంవత్సరం గడిలో డిట్టో పెట్టాడు. చాలా అందంగా పెట్టాడు.

నేను పుట్టింది 1949లో కాదని, ఆ లెక్కన నేను ఎప్పుడో రిటైరై ఉండాలని పరాంకుశంగారికి మనవి చేసుకున్నాను. ప్రధాన సాక్ష్యం రిజిస్టరేనని ఆయన గుర్తుచేశారు. రెండేళ్ళలో నాకు రిటైర్మెంటు ఉంది. అప్పుడు నేను కదలవచ్చా, కదిలితే తొలగించటం కిందికి వస్తుందా అని అడిగాను. ఆ విషయమై పైకి రాశామన్నారు. ఒళ్ళు తగ్గమని డాక్టరు చెప్పిన సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు, తగ్గించరాదని నిబంధన ఉంది.

మొన్న జాబితా వార్షిక తనిఖీ. ప్రతి అంశం ఎదుటా సరిచూసి సంతకం పెట్టాల్సింది నేనే. షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. పక్కనే రసూలు కార్బొరేటరు విప్పి జెట్లు కడుగుతున్నాడు. ఎనభై ఏడో అంశం దగ్గర పెన్ను ఆగింది. "పెట్రోలుతో సహా" అనే రెండు మాటల మీద ఎర్రగీత గీస్తే చాలు, అంతా విడిపోతుంది. ఎర్రపెన్ను జేబులోనే ఉంది. నీలం పెన్నుతో సంతకం పెట్టి పేజీ తిప్పాను.

చివరికి రెండువందల పదమూడు వచ్చింది. గట్టిగా చదివాను. "సదరు మనిషి యథాస్థితిలో ఉన్నాడు. అంతేగా భాయ్?"

రసూలు జెట్టు కంటి దగ్గర పెట్టుకుని వెలుతురులోకి చూస్తున్నాడు. దాన్ని ఉఫ్‌మని ఊది, గుడ్డ మీద జాగ్రత్తగా పెట్టాడు.

"ఉన్నారు సార్" అన్నాడు. "అదే గదా మీతో ఇబ్బంది."